పైనుంచి తీసిన సినిమా

ఆ సోమవారం పొద్దున నిదానంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు అందరికంటే ముందు చేరుకోవాలి. హెడ్‌ఫోను తలకు తగిలించుకోవాలి. టీ వేళ దాటేదాకా అవతల ఎవరో ఉన్నట్టు మాట్లాడుతూ కూర్చోవాలి.

ఆయన పనిచేసేది లిఫ్టులు బాగుచేసే కంపెనీలో. ఎక్కడైనా రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోతే లోపలివాళ్ళు మీట నొక్కుతారు, ఆ ఫోను ఈయన బల్ల మీద మోగుతుంది. "కంగారు పడకండి. ఉన్నచోటే ఉండండి. మనిషి బయల్దేరాడు" అని చెప్పడం ఈయన ఉద్యోగం. చీకట్లో ఊపిరి తప్ప మరేమీ వినిపించని మనుషులతో ఏళ్ళ తరబడి మాట్లాడి ఆ గొంతు ఒక రకంగా చల్లబడిపోయింది. వింటే ధైర్యం వస్తుంది, కాసేపటికి కొంచెం భయం కూడా వేస్తుంది. అందుకే అసలు పేరు ఎటో పోయి, నిదానంగారు అన్నది నిలిచింది.

టీ వేళకు భయపడడానికి కారణం ఆ సెక్షన్లో నడిచే ఒక ఆచారం. ప్రతి సోమవారం వంతులవారీగా ఒకరు ఒక సినిమా చెప్పాలి. మిగతావాళ్ళు వారం తిరిగేలోగా చూడాలి. ముగింపు ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. చూడనివాడు పై వారమంతా అందరి టీ కప్పులూ కడగాలి.

ఇంజనీరుగారు కొండలెక్కే డాక్యుమెంటరీల మనిషి. ఆయన చెప్పే సినిమాలో ఒకడు మంచుగోడకు బల్లిలా అతుక్కుని పూటంతా ఉంటాడు, కథంతా అదే. అకౌంట్స్ మేడమ్‌గారి దారి వేరు. రబ్బరు జెర్రులు ఊరిని మింగేయాలి, దయ్యం తలుపు తోయబోతే అట్టతో చేసిన గోడ కూడా కూలిపోవాలి. ఎంత చెత్తగా ఉంటే ఆవిడకు అంత ప్రాణం. నిదానంగారికి మాత్రం రెండూ ఒకటే. తెర మీద పేర్లు పడడం పూర్తయ్యేలోగా ఆయన నిద్రపోతారు. మర్నాడు మిగతావాళ్ళ మాటలు విని, అవే మాటలు కాస్త అటూ ఇటూ చేసి అప్పజెప్పి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. ఇప్పుడు వంతు ఆయనది.

తప్పించుకోవాలని ఎంత ఉందో, లోపల ఎక్కడో ఒక ఆశ కూడా అంతే ఉంది. ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఆయన నోరు తెరిస్తే ఆగి వినేవాళ్ళు లేరు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు వింటారు, వాళ్ళకు వేరే గతి లేదు గనుక. ఒక్కసారి, మామూలు మనుషులు, తలుపు తీసే ఉన్న గదిలో కూర్చుని తన మాట వింటే చూడాలని ఆయన కోరిక.

"లైన్లో ఎవరూ లేరు నిదానంగారూ. లైటు వెలగట్లేదు" అంది మేడమ్, టీ కప్పు ఆయన ముందు పెడుతూ. "మీ సినిమా చెప్పండి."

నిదానంగారు ఫోను తీశారు. ఆయనకో బావమరిది ఉన్నాడు. ఏదో ఒక లింకు పంపుతూనే ఉంటాడు. సినిమాలూ, చిట్కాలూ, ఇంకేవేవో. "చూడండి బావగారూ" అంటాడు. "సరే" అంటారు ఈయన. అక్కడితో ఆ సంగతి ముగుస్తుంది. తెరవని లింకుల మధ్య పేరూ బొమ్మా ఏమీ లేనిది ఒకటి కనిపించింది. ఎవరూ చూసి ఉండరన్న ధైర్యంతో దాన్ని అందరికీ పంపేశారు.

"పేరేమిటి?" అన్నారు ఇంజనీరుగారు.

"పేరు పెట్టలేదు" అన్నారు నిదానంగారు, తన లిఫ్టు గొంతుతో. "పెడితే చిన్నదైపోతుందని."

టీ కోసం వచ్చిన మేనేజరుగారు గుమ్మంలోనే ఆగి, "నాక్కూడా పంపండి" అన్నారు. ఆ పూట నిదానంగారికి టీలో చక్కెర లేని సంగతి కూడా తెలియలేదు.

మర్నాడు మేడమ్ కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"ఎక్కడ దొరికిందండీ మీకిది?" అంది మెల్లగా. "మొదలుండదు, తుది ఉండదు. ఎప్పుడు పెట్టినా మధ్యలోనే ఉంటుంది. శబ్దం లేదు. రంగు లేదు. ఎవరో పైకప్పుకు వేలాడుతూ తీసినట్టు అంతా పైనుంచే. ఒక హాలు. కుర్చీలో ఒక ముసలావిడ. కదలదు. నేను మధ్యాహ్నం అన్నం తింటూ చూస్తున్నానా, ఆవిడ ఉన్నట్టుండి లేచి నిలబడింది. నా చేతిలో చెంచా జారిపోయింది."

"లేచిందా?" అన్నారు నిదానంగారు.

"మీరు చూశారుగా?"

"చూశాను. అక్కడ అందరూ అలాగే అడుగుతారు."

చిక్కంతా అక్కడే వచ్చింది. సినిమా చెప్పినవాడు దాని గురించి ఎవరినీ ఏమీ అడగలేడు. లింకు తెరిచి చూద్దామా అంటే, మేడమ్ మొహం చూశాక ఆయన వేలు ముందుకు పోలేదు. ఆయన ఇంట్లోనూ మోకాళ్ళ నొప్పులతో కుర్చీకే అంకితమైన అత్తగారున్నారు. ఆవిడను ఒంటరిగా వదిలి భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోతారు. లోకంలో ముసలివాళ్ళూ కుర్చీలూ ఎక్కడైనా ఉంటాయి లెమ్మని సర్దిచెప్పుకున్నారు.

బుధవారం హడలిపోవడం ఇంజనీరుగారి వంతు. "ఆ బట్టతలాయన గురించి ఆలోచిస్తే నిద్ర పట్టలేదండీ. సాయంత్రం వస్తాడు. ఆవిడ పక్కనుంచే నడుస్తాడు, ఆవిడ వైపు చూడడు. ఫ్రిజ్ తెరిచి దానికేసి చాలాసేపు చూసి, ఏమీ తీయకుండా మూసేస్తాడు. మనిషా, నీడా? పొద్దున వెళ్ళేముందు బల్ల మీంచి జుట్టు తీసి తలకు పెట్టుకుంటాడు. అదొక్కటే ప్రాణమున్న వస్తువులా ఉంది ఆ ఇంట్లో."

నిదానంగారి చెయ్యి దానంతటదే తల మీదికి పోయింది. దారిలోనే గుర్తొచ్చి చెవి గోక్కున్నారు. ఆయన తల మీద ఉన్నది విగ్గని ఆ ఆఫీసులో చీమకు కూడా తెలియదు.

"అంతేనా?" అంది మేడమ్. "మధ్యాహ్నం ముసలావిడ లేచి ఏం చేస్తుందో చూడలేదా? ఆయనకి ఇంకో జుట్టు ఉంది. దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని దువ్వుతుంది. చంటిపిల్లకు దువ్వినట్టు. ఎంతసేపో."

అప్పుడే ఫోను మోగింది. ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారు. నిదానంగారు, "కంగారు పడకండి" అన్నారు. అవతలి మనిషి, "మీరు కంగారు పడుతున్నట్టున్నారే" అన్నాడు.

ఆ సాయంత్రం ఇల్లు ఆయనకు పరాయి ఇల్లులా తోచింది. అదే హాలు, అదే బీరువా, అదే కుర్చీ. కుర్చీలో అత్తగారు శాలువా కప్పుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. బల్ల మీద రెండో విగ్గు నున్నగా, నిన్న తాను పెట్టినప్పటి కంటే చక్కగా ఉంది. రోజూ దువ్వి ఉంచేది భార్యేనని ఇన్నాళ్ళూ అనుకున్నారు. అడుగుదామంటే ఆమె ఆసుపత్రి నుంచి ఇంకా రాలేదు. ఆపరేషన్ గదిలో నర్సు ఆమె. అక్కడ ఫోను కూడా ముట్టుకోనివ్వరు. నిదానంగారు తల మీది విగ్గు తీసి, దీపం వేయకుండా హాలు మధ్య నిలబడి, మెడ ఎత్తి, పైకి చూశారు. చీకటి తప్ప ఏమీ కనిపించలేదు.

మర్నాడు ఇంజనీరుగారు టీ కూడా తాగలేదు.

"నిన్న సాయంత్రం చూశారా? బట్టతలాయన చీకట్లో నిలబడి పైకి చూశాడు. తిన్నగా మనకేసి. మొహం తెలియలేదు, కళ్ళు రెండూ మాత్రం తెల్లగా మెరిశాయి. మనం చూస్తున్నామని అతనికి తెలిసిపోయింది."

"ఇంక ఒంటరిగా చూడ్డం నావల్ల కాదు" అన్నారు మేనేజరుగారు. "ఇవాళ భోజనాలయ్యాక మీటింగు గదిలో పెద్ద తెర మీద వేసుకుందాం. అందరం కలిసి."

నిదానంగారు లేచి, బాత్రూంలోకి నడిచి, గడియ వేసుకుని, తను సిఫారసు చేసిన సినిమాను మొదటిసారి తెరిచారు. తన హాలు. తన బీరువా అంచు. తన అత్తగారు. అప్పుడు, ఎప్పుడో చెవిన పడి బయటికి పోయిన బావమరిది మాటలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. "బావగారూ, అమ్మ ఒక్కత్తే ఉంటోంది కదా, బీరువా మీద చిన్న కెమెరా పెట్టాను. అమ్మకు చెప్పకండి, కాపలా కాస్తున్నామని అలుగుతుంది. అక్కకు ఫోను కుదరదు. లింకు మీకు పంపుతున్నా, అప్పుడప్పుడు చూస్తుండండి." దానికి తాను "సరే" అన్నారు.

బావమరిదికి చేస్తే ఫోను అందుబాటులో లేదు. బయటికి వచ్చేసరికి మీటింగు గదిలో కర్టెన్లు వేసేశారు. తెర మీద ఆయన ఇల్లు గోడంత ఉంది.

అత్తగారు లేచారు. ఏ తడబాటూ లేదు. బల్ల దగ్గరికి నడిచి, విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకుని దువ్వడం మొదలుపెట్టారు. కాసేపటికి ఆవిడకు పాపిడి నచ్చినట్టు లేదు. లేచి గోడ దగ్గరికి వెళ్ళి ఫొటో ఒకటి దించారు. నిదానంగారు గుర్తుపట్టారు. అది తన పెళ్ళి ఫొటో. అందులో ఉన్నది ఈ ఆఫీసులో అందరూ రోజూ చూసే జుట్టూ, రోజూ చూసే మొహమూ. ఆవిడ దాన్ని పక్కన పెట్టుకుని, పాపిడి ఎటుందో చూసుకుంటూ, అచ్చం అలాగే తీస్తున్నారు. ఫొటో మీద నీడ పడుతోందని మెల్లగా వెలుగు వైపు తిప్పారు. ఇంకొంచెం తిప్పితే కెమెరాకు ఎదురవుతుంది.

ఆయన వరండాలోకి వచ్చి, గాజు తలుపులోంచి తెర చూస్తూ ఇంటికి ఫోను చేశారు.

తెర మీద ముసలావిడ ఉలిక్కిపడి, ఫొటో చేత్తోనే లేచి ఫోను ఎత్తింది. లోపల మేడమ్ ఇంజనీరుగారి చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యగారూ, నేను. కంగారు పడకండి. ఉన్నచోటే ఉండండి."

"నేనెక్కడికి పోతాను బాబూ, కుర్చీలోనే ఉన్నాను" అన్నారు హాలు మధ్య నిలబడి ఉన్న అత్తగారు.

"ఆ ఫొటో బోర్లించండి."

తెర మీద ఆవిడ ఫొటోను గుండెకు హత్తుకుని, తలుపు వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. వంగి బల్ల కింద చూసింది.

"ఎక్కణ్ణుంచి చూస్తున్నారు బాబూ?" గొంతు వణికింది.

"పైనుంచి."

ఆవిడ తల మెల్లగా పైకి లేచింది. మీటింగు గదిలో కుర్చీ ఒకటి వెనక్కి పడింది. ఆవిడ ఫోను పక్కన పెట్టేశారు. స్టూలు లాక్కుని ఎక్కారు. స్టూలు మీంచి కుర్చీ చేతి మీదికి, అక్కడినుంచి బీరువా పిడి మీదికి.

"ఆ కాలు పెట్టిన తీరు చూడండి" అని ఇంజనీరుగారు గొణిగారు. "తాడు లేదు, ఏమీ లేదు."

ఆవిడ మొహం తెరంతా నిండింది. తర్వాత ఒక కన్ను. ఆ కన్ను అందరినీ ఒక్కొక్కరినీ వరసగా చూసింది. చివరికి చెయ్యి ఒకటి లేచి, నల్లటి జుట్టు తెర మీద కప్పేసింది. ఆపైన ఏమీ కనిపించలేదు.

చాలాసేపటికి మేనేజరుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వరండాలోంచి వచ్చిన నిదానంగారికి అందరూ దారి ఇచ్చారు. ఏళ్ళుగా ఆయన కోరుకున్నది అదే, తీరా దొరికాక ఆయనకు ఇంటికి పరుగెత్తాలని తప్ప వేరే ఆలోచన లేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు శాలువా కప్పుకుని కుర్చీలో ఉన్నారు. ఒళ్ళో చిన్న నల్లటి కెమెరా డబ్బా ఉంది. నిదానంగారు ఎన్నడూ లేనిది స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి నడుస్తున్నారు అత్తయ్యగారూ?"

"మీరు జుట్టు పెట్టుకోవడం మొదలుపెట్టి ఎన్నాళ్ళయింది బాబూ?"

ఆయన ఆ డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"తిరుగుతున్నానని తెలిస్తే, ఇంక ప్రయాణానికి పనికొస్తానని మీ ఆవిడ నన్ను పెద్దమ్మాయి ఇంటికి పంపిస్తుంది" అన్నారు అత్తగారు. "అక్కడ నాతో మాట్లాడేవాళ్ళు లేరు."

"ఇక్కడ మాత్రం ఎవరు మాట్లాడుతున్నారు?"

"ఎవరూ లేరు. ఇక్కడ దువ్వడానికి జుట్టైనా ఉంది. వంకరగా పెట్టుకుని పోతే నలుగురూ నవ్వుతారు కదా మిమ్మల్ని."

నిదానంగారికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ కుర్చీలోని మనిషినీ బీరువానీ ఒక్కలాగే చూశానని ఆయనకు అర్థమైంది. కెమెరా పాడైందని బావమరిదికి చెబుతానన్నారు. మోకాళ్ళు అలాగే ఉన్నాయని భార్యకు చెబుతానన్నారు. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చుని లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళ కబుర్లు చెప్పుకున్నారు. అత్తగారు రెండుసార్లు నవ్వారు.

సోమవారం టీ వేళకు లింకు తెరుచుకోవడం లేదని అందరూ బాధపడ్డారు. అలాంటివి ఎక్కువకాలం ఉంచరు లెమ్మని మేనేజరుగారు ఓదార్చారు. బీరువా ఎక్కే ఘట్టం గురించి ఇంజనీరుగారు కప్పు చల్లారేదాకా మాట్లాడారు.

"నాకు ఒక్కటే లోపం కనిపించింది" అంది మేడమ్. "ఆ బట్టతలాయన. ఇంట్లో ఒక మనిషి ఉంటే కన్నెత్తి చూడకుండా, పలకరించకుండా ఎవరైనా అలా తిరుగుతారా? నటన బొత్తిగా సహజంగా లేదు."

"కొత్తవాడు మేడమ్" అన్నారు నిదానంగారు. "ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు."