నౌక దగ్గింది

సినీ ప్రియులకు శుభవార్త. విఖ్యాత అంతరిక్ష నౌక చిత్రమాలలో ఏడో భాగం వచ్చే నెల విడుదలవుతోంది. మొదటి భాగంలో నౌక పలికిన "తలుపు మూసుకుంటోంది. దయచేసి వెనక్కి జరగండి" అన్న సంభాషణను ఇందులోనూ యథాతథంగా వినిపిస్తారట. ఆ అజ్ఞాత గొంతు తమదేనని న్యాయనిర్ణేతల ముందు నిరూపించుకున్నవారి పేరు తెరమీద వేస్తామని నిర్మాణ సంస్థ సగర్వంగా ప్రకటించింది.

ప్రకటన చూసి డబ్బింగమ్మ పేపరు మడిచి పక్కన పెట్టింది. ఆ గొంతు ఆమెది. పద్దెనిమిదేళ్ల కిందట జలుబుతో స్టూడియోకి వెళ్లి, గాజు గదిలో మైకు ముందు నిలబడి, ఆ రెండు వాక్యాల మధ్య ఒకసారి దగ్గింది. "మళ్లీ చెబుతానండీ" అంది. సౌండింజినీరుకు భోజనం వేళయింది. "పర్లేదమ్మా, ఎవరు వింటారు?" అంటూ లేచిపోయాడు.

లోకమంతా విన్నది. యంత్రానికి అంతరాత్మ ఉందనడానికి ఆ దగ్గే సాక్ష్యమని విమర్శకులు తేల్చారు. దాని మీద ఒకాయన పరిశోధన చేసి డాక్టరయ్యాడు. రెండో భాగంలో గ్రహం పేలిపోతుంటే నౌక అదే మాట అంది. మూడో భాగంలో నాయకుడు నాయిక చేయి పట్టుకోబోతుంటే అదే మాట, హాల్లో ఈలలు. ఐదో భాగంలో నాయకుడి తండ్రి ప్రాణం పోతుంటే అదే మాట, అదే దగ్గు. జనం వెక్కి వెక్కి ఏడ్చారు. ఒకసారి రికార్డయిన గొంతు ఉండగా మనిషిని మళ్లీ పిలిచి శ్రమపెట్టడం సంస్కారం కాదని సంస్థ భావించింది.

అలాగని సంస్థకు కృతజ్ఞత లేదనుకోకూడదు. గ్రహాంతరవాసిగా ఒకసారి మూలిగిన నిర్మాత బావమరిది పేరూ, రాక్షసుడి గర్జన కోసం మొరిగిన దర్శకుడి కుక్క పేరూ ప్రతి భాగం చివరా క్రమం తప్పకుండా పడుతూనే ఉన్నాయి.

ఈ సంగతి డబ్బింగమ్మ అత్తగారికి కంఠతా వచ్చు. సినిమా అయిపోయి హాలు ఖాళీ అయినా ఆవిడ కదలదు. ఊడ్చేవాడు కాళ్లెత్తమంటే ఎత్తి, కళ్లజోడు సర్దుకుని, పైకి పాకే పేర్లన్నీ చదువుతుంది. "ఇందులోనూ లేదే అమ్మాయ్!" అని నిట్టూర్చి లేస్తుంది. ఆరు సినిమాలకూ ఇదే వరస. ఇప్పుడావిడ చూపు సన్నగిల్లింది. ఏడాది తిరిగేలోపు అక్షరాలు ఆనవని కంటి డాక్టరు చెప్పేశాడు. అందుకే డబ్బింగమ్మ సిగ్గు విడిచి పోటీకి వెళ్లింది.

వరండాలో నలభైమంది వరసగా నిలబడి దగ్గుతున్నారు. ప్రధాన న్యాయనిర్ణేత మరెవరో కాదు, ఆ సౌండింజినీరే. దగ్గుకు రూపకల్పన చేసినందుకు ఆయనకు ఈమధ్యే జీవిత సాఫల్య పురస్కారం వచ్చింది.

డబ్బింగమ్మ మైకు ముందు నిలబడి తన మాట తాను చెప్పింది. ఇంజినీరు తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. గుర్తుపట్టాడని ఆమెకూ తెలిసింది. ఆయన గొంతు సవరించుకుని గంభీరంగా ఉపన్యసించాడు.

"గొంతు సుమారుగా ఉందమ్మా, కాదనను. కానీ ఆ దగ్గు మామూలు దగ్గు కాదు. ఏడు రాత్రులు ఆలోచించి నేను దానికి ప్రాణం పోశాను. మీ దగ్గులో ఆ నిజాయతీ లేదు."

"అప్పుడు నాకు జలుబు చేసిందండీ," అంది డబ్బింగమ్మ.

"అందరూ అదే చెబుతున్నారు," అన్నాడాయన.

ఆమెకు పదకొండో స్థానం వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా సిగరెట్లు కాలుస్తున్న ఒక సిమెంటు వ్యాపారి ఏకగ్రీవంగా నెగ్గాడు. ఆయనకు శాలువా కప్పారు. సభ లేచి నిలబడి దగ్గింది.

ఏడో భాగం మధ్యాహ్నం ఆటకు అత్తాకోడళ్లిద్దరూ వెళ్లారు. నౌక మాట్లాడగానే డబ్బింగమ్మకు తెలియకుండానే పెదవులు కదిలి మాట పైకి వచ్చింది. ముందు సీటాయన విసుగ్గా వెనక్కి తిరిగాడు. "ఊరుకోండమ్మా, ఆ గొంతు విననివ్వండి!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆట అయ్యాక పేర్లు మొదలయ్యాయి. సిమెంటు వ్యాపారి పేరు తెర నిండా పడింది. అత్తగారు కళ్లు చికిలించి చూసింది, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"అన్నీ అలుక్కుపోతున్నాయే. నీ పేరుందా?"

డబ్బింగమ్మ తెర వైపు వేలు చూపించింది. "ఉంది అత్తయ్యా. అదిగో, కుక్క పేరు కింద."

అత్తగారు తెర వంక చాలాసేపు చూసింది. అప్పటికి తెర మీద ఏమీ లేదు. కోడలి చేయి గట్టిగా పట్టుకుంది.

"కనబడిందిలే. పెద్ద అక్షరాలతోనే వేశారు. పద."

పాఠక మహాశయులారా, మీరు సహృదయులు. సిమెంటు వ్యాపారి శాలువాకు నవ్వుకున్నారు, ఇంజినీరును మనసులో నాలుగు తిట్టారు, అత్తగారి దగ్గర కాస్త కరిగారు కూడా. డబ్బింగమ్మ అసలు పేరేమిటని మాత్రం ఇంతవరకూ మీరూ అడగలేదు.