రెండు శ్రావణాలు

విళంబి సంవత్సరం శ్రావణ పాడ్యమి నాడు సుబ్బరత్నం తెల్లవారకముందే లేచి పొయ్యి మీద పప్పు పడేసి, బూరెలకు బెల్లం తరగడం మొదలుపెట్టింది. ఆ పూట ఆవిడ అనుకున్నది పెద్దదేమీ కాదు. ఎనిమిదింటికల్లా ఏడేళ్ళ కూతురు పద్మజ వస్తుంది. దానికి తలంటు పొయ్యాలి, బూరెలు పెట్టాలి, ఈ నెలంతా దాని జడ తన చేత్తోనే వెయ్యాలి.

కూతురు తల్లి దగ్గరికి రావడమేమిటంటారా? సుబ్బరత్నం రెండేళ్ళుగా తిరువూరులోనే అన్న చంద్రశేఖరం ఇంట్లో ఉంటోంది. ఆవిడ అత్త గోవిందమ్మ ఒకసారి పెళ్ళి పందిట్లో నలుగురి ముందు ఆవిడ పుట్టింటివాళ్ళని అనరాని మాటలంది. పక్కనే ఉన్న మొగుడు మధుసూదనరావు నవ్వాడు. అత్త మాటలైనా మరిచిపోయేదేమో గాని, ఆ నవ్వు సుబ్బరత్నం మరిచిపోలేదు. పిల్లని తీసుకుని వచ్చేసింది. బెజవాడ కోర్టు దాకా వెళ్ళి చివరికి రాజీ పడ్డారు. పిల్ల ఒక నెల తల్లి దగ్గర, ఒక నెల తండ్రి దగ్గర. ఇంగ్లీషు నెలలు రాద్దామని జడ్జి అంటే రెండువైపుల పెద్దలూ ఒప్పుకోలేదు. మొగుడివాళ్ళు నూనె మిల్లువాళ్ళు, పుట్టింటివాళ్ళు బట్టల కొట్టువాళ్ళు. పండగలూ పబ్బాలూ పంచాంగం ప్రకారమే కదా అని తెలుగు నెలలు రాయించారు. చైత్రం తల్లిది, వైశాఖం తండ్రిది, అలా శ్రావణం తల్లి వంతుకు వచ్చింది. వరలక్ష్మీ వ్రతం పూట కూతురు పక్కన ఉంటుందని సుబ్బరత్నం ఆ కాగితం మీద సంతకం పెట్టింది.

ఒకే నెల అధికమనీ నిజమనీ రెండుసార్లు వచ్చే ఏడు ఒకటుంటుందని ఆ రోజు ఏ పెద్దమనిషికీ గుర్తు రాలేదు.

ఎనిమిదైంది, తొమ్మిదైంది. పద్మజ రాలేదు. మిల్లు గుమాస్తా వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. "అమ్మగారూ, ఇది అధిక శ్రావణం అంటండి. లెక్కలోకి రాదంట. పాప ఆషాఢం నించీ ఉన్నచోటే ఉంటదని చెప్పమన్నారండి" అని, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు.

సుబ్బరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అధికమైతే శ్రావణం కాదంటారా? వాళ్ళ మిల్లు అధిక మాసంలో నూనె ఆడదా?" అని చేతిలో గరిట పొయ్యి గట్టు మీద విసిరికొట్టి, అన్నని వెంటబెట్టుకుని రాజీ రాసిన ప్లీడరు ఇంటికి నడిచింది.

ప్లీడరుగారు కాగితం రెండుసార్లు చదివి గడ్డం గోక్కున్నారు. "అమ్మా, మీరు అడిగితే ఈ నెల ఇప్పించగలను. కానీ ఒక్క మాట. ఇది మీ నెల అయితే, వచ్చే నిజ శ్రావణం ఆయన నెల అవుతుంది. నెల విడిచి నెల కదా. మరి వ్రతం ఏ శ్రావణంలో చేస్తారు?"

"నిజ శ్రావణంలోనండి" అని చంద్రశేఖరం అన్నాడు. సుబ్బరత్నం గబగబా లెక్క వేసుకుంది. పిల్ల లేకుండా వ్రతం. ఆ పీట మీద తన పక్కన ఖాళీ. ఆలోచించిన కొద్దీ కోపం ఇంకో వైపు తిరిగింది.

"అయితే ఈ నెల వాళ్ళనే ఏడవమనండి. ఇది లెక్కలోది కాదని వాళ్ళ నోటితో వాళ్ళే అన్నారుగా. నిజ శ్రావణం మాత్రం నాది. నడు అన్నయ్యా, ఇప్పుడే వెళ్ళి ఆ మాట వాళ్ళ మొహం మీదే చెప్పొద్దాం."

పోట్లాటకు మనుషులు ఎక్కువ ఉంటేనే బరువు. దారిలో ఇల్లు తగిలితే వదినగారు వచ్చింది, పనిమనిషి వచ్చింది. ఇంటికి తాళం పడింది. సాక్ష్యానికి పనికొస్తారని ప్లీడరుగారిని కూడా లాక్కుపోయారు.

సరిగ్గా అదే సమయానికి మిల్లు వెనకే ఉన్న గోవిందమ్మ ఇంట్లో పంతులుగారు మజ్జిగ తాగుతూ, వ్రతం నిజంలోనే చెయ్యాలి గాని అధికంలో చెయ్యకూడదని మాటవరసకు అన్నారు. గోవిందమ్మ ఉలిక్కిపడింది. అధికం మనం ఉంచుకుంటే నిజం ఆ కోడలు ఎగరేసుకుపోతుంది కదా! "ఒరే మధూ, పిల్లని ఇప్పుడే పంపించెయ్. ఈ నెల దాని మొహాన కొట్టు" అంది. మధుసూదనరావు తల్లి మాట ఏనాడు కాదన్నాడు గనక! తమ పనిమనిషి పిచ్చమ్మకు పిల్లని అప్పగించి, "ఆ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకు. అరుగు మీద కూర్చోబెట్టి వచ్చెయ్" అన్నాడు. ఆ రెండు ఇళ్ళ మధ్య రెండేళ్ళుగా అదే ఆచారం. పిచ్చమ్మ మాట్లాడలేదు. తలుపు కొట్టలేదు. తాళం చూడలేదు. పిల్లని అరుగు మీద కూర్చోబెట్టి వచ్చేసింది.

మిల్లు దగ్గర యుద్ధం మొదలైంది. సుబ్బరత్నం రెండేళ్ళ తరువాత మొగుడితో నేరుగా మాట్లాడింది.

"మీ అధికం మీరే ఉంచుకోండి! నాకక్కర్లేదు!"

"అదేంటి, పంపించేశాంగా! ఈ నెల నీదే!"

"ఎక్కడికి పంపించారు?"

"మీ ఇంటికే!"

"మా ఇంటికి తాళం వేసుంది!"

అంతా కలిసి ఎండలో పరుగు తీశారు. అరుగు ఖాళీగా ఉంది. పద్మజ జడ రిబ్బను ఒకటి మెట్టు మీద పడి ఉంది. సుబ్బరత్నం దాన్ని తీసి గుప్పిట్లో పట్టుకుంది. నూతిలోకి తొంగి చూసిన వాళ్ళు చూశారు. బస్సుల దగ్గరికి ఉరికిన వాళ్ళు ఉరికారు. పాపని ఎవరో ఎ.కొండూరు బస్సు ఎక్కించారని ఒకడంటే, కాదు నెమలి ఊళ్ళో తిరనాళ్ళకు తీసుకుపోయారని ఇంకొకడన్నాడు. అసలు ఆ రోజు నెమలిలో తిరనాళ్ళే లేవు.

చివరికి సోడా కొట్టువాడు చెప్పాడు. "ఏడుస్తా కూర్చుంటే మేరమ్మ టీచరుగారు వాళ్ళింటికి తీసుకుపోయారండి."

మేరమ్మ కిరస్తానీ పేట నించి వచ్చి ఊళ్ళో బడిలో పాఠాలు చెబుతుంది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళుతూ పిల్లని చూసింది. ఆవిడకు అధికం తెలియదు, నిజం తెలియదు. ఆకలిగా ఉన్న పిల్ల కనిపించింది, తీసుకెళ్ళింది, అంతే. జనమంతా పోయేసరికి పద్మజ ఆ ఇంటి వసారాలో కూర్చుని పప్పన్నం కలుపుకుని తింటోంది.

పిల్ల దొరికిందని ఎవరైనా సంతోషించారా? ఊహూ. గోవిందమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో! వీళ్ళింట్లో అన్నం తిన్నదీ!" అంది. మేరమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఆవిడ మొహం నల్లబడింది.

"ఇహ శుద్ధి చెయ్యాలి, నలుగురికీ సమాధానం చెప్పుకోవాలి" అని గోవిందమ్మ కొడుకు చెయ్యి గుంజింది. "మనకేం సంబంధం? దాని నెలలో జరిగింది. అదే చూసుకోవాలి. చెప్పరా!"

"అవును, నీ నెలే" అన్నాడు మధుసూదనరావు. "ఇందాకే నీకప్పగించాం. ప్లీడరుగారూ, మీరు విన్నారుగా?"

"అరుగు మీద పారేసి పోవడం అప్పగించడమా?" సుబ్బరత్నం అరిచింది. "లెక్కలోది కాదన్నది మీరేగా! మీ దగ్గరున్న పిల్ల, మీ పూచీ. శుద్ధీ గిద్దీ మీరే..."

పద్మజ ముద్ద చేతిలోనే పట్టుకుని తల్లిని చూసింది. "అమ్మా, ఈ నెల నేను ఎవరికీ వద్దా?"

పొద్దున్నించీ సుబ్బరత్నంలో ఎవరెవరి మీదో రగిలిన కోపమంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. చెంప మీద కొట్టినట్టయింది. బూరెలు వండి ఎదురుచూసిన మనిషి, సాయంత్రం కాకముందే పిల్లని పక్కకు నెట్టే మాట ఎలా అన్నది?

గోవిందమ్మ మాత్రం ఆగలేదు. "ఒక్క నెలేంటి, రెండు శ్రావణాలూ దానివే! మాకొద్దు! చెప్పరా మధూ!"

"రెండూ నీవే! రెండు శ్రావణాలూ నీవే!" అని మధుసూదనరావు వీధి వీధంతా వినబడేలా అరిచాడు.

సుబ్బరత్నం కళ్ళు తుడుచుకుని ప్లీడరు వైపు తిరిగింది. "విన్నారుగా, బాబుగారూ?"

"విన్నానమ్మా" అన్నారు ఆయన. "ఊరంతా విన్నది."

అప్పుడు ఆవిడ వసారాలోకి వెళ్ళి కూతురి పక్కన చతికిలబడింది. "టీచరుగారూ, పొద్దున్నించీ గొంతు ఎండిపోయింది. కాసిని మంచినీళ్ళివ్వండి" అంది. మేరమ్మ ఒక్క క్షణం తటపటాయించి గ్లాసు తెచ్చి ఇచ్చింది. సుబ్బరత్నం అందరూ చూస్తుండగా గడగడా తాగి, ఖాళీ గ్లాసు నేల మీద టంగుమని పెట్టింది. చంద్రశేఖరం తల పట్టుకున్నాడు. గోవిందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మధుసూదనరావు ఏదో అనబోయాడు గాని, అనడానికి శ్రావణం ఒక్కటి కూడా చేతిలో మిగల్లేదు.

"తిను తల్లీ, చల్లారిపోతోంది" అంది సుబ్బరత్నం.

ఆ ఏడు నిజ శ్రావణంలో సుబ్బరత్నం వరలక్ష్మీ వ్రతానికి పిలిస్తే తిరువూరు పేరంటాళ్ళలో సగం మంది రాలేదు. నానబెట్టిన శనగలు బోలెడు మిగిలిపోయి, పద్మజకు వారమంతా అదే కూర.