పెద్దింట్లమ్మ శీతలపేటికా రక్షణం

గౌతమీ వైనతేయ నదీమధ్యస్థమైన, నారికేళవన సంవృతమైన కోనసీమ భాగాన, రెండువేల ఆరవ సంవత్సరపు రోహిణీకార్తెన, మార్తాండుడు తన సహస్రకిరణాలనూ ఒక్క అంబాజీపేట మీదనే ప్రయోగింపదలచిన శుక్రవారం నాడు, కుడిచేత చాకూ ఎడమచేత కొబ్బరాకూ ధరించి, హాల్లోని ఫ్రిజ్ తలుపుకు వీపానించి, డెబ్బయ్యేళ్ళ పెద్దింట్లమ్మ చీపురుకి ఈనెలు చీరుతోంది. చూసేవారికది చీపురు పని. ఎరిగినవారికి దుర్గరక్షణ.

ఆ దుర్గగర్భాన, ఐసు ట్రేకీ మీగడ గిన్నెకీ నడుమ, చిటికెనవేలి కొసంత ప్లాస్టిక్ గొట్టాలు నాలుగున్నాయి. మనవరాలు సువర్ణ హైదరాబాదులో కేన్సరు మీద పరిశోధన చేస్తోంది. ఎనిమిది నెలలపాటు కాకినాడ చుట్టూ తిరిగి, రోగుల కణితి ముక్కల్లోంచి తీసిన చిన్న ఆర్ఎన్ఏలు వాటిలో ఉన్నాయి. రాజమండ్రిలో రైలెక్కేదాకా అవి చల్లగా ఉండాలి. వేడెక్కితే మళ్ళీ మొదటినుంచీ తిరగాలి. థర్మోకోల్ పెట్టె కోసం అమలాపురం వెళుతూ సువర్ణ మరీ మరీ చెప్పింది.

"మామ్మా, పది నుంచి రెండు దాకా కరెంటు కోత. తలుపు తీసేవంటే చలవంతా పోద్ది. చేతి తడి తగిలినా, నోటి తుంపర పడినా కూడా పాడైపోతాయవి."

అంతట పెద్దింట్లమ్మ కొంగు నడుమున బిగించి, దిక్పాలకులు విన్నారో లేదోగాని వంటింట్లో పిల్లి ఉలిక్కిపడేలా ప్రతిన పూనింది. "నువ్వెళ్ళిరా. ఈ తలుపు తీసేవోళ్ళు నా ఈపు మీంచి ఎళ్ళాలి."

పదీ పదికి ప్రథమ దండయాత్ర. పొరుగింటి ఉమాదేవి, వినయమనే కవచం తొడిగి, ఖాళీ చేతులనే ఆయుధాలు దాల్చి ప్రవేశించింది.

"పిన్నిగారండీ, మీ ఫ్రిజ్జులో పెట్టిన నా ఇడ్లీపిండి గిన్నె ఓసారి ఇప్పిస్తారా?"

"సాయంత్రం ఏసుకో అమ్మా ఇడ్లీ."

"మరి ఇప్పుడాయనకేం పెట్టమంటారండీ?"

"అన్నం పెట్టు."

ప్రత్యర్థి అస్త్రసన్యాసం చేసి గోడ దాటింది.

పన్నెండింటికి మాత్రం దుర్గం పునాదులు కదిలాయి. చిన్నకూతురి మామగారు సూరయ్య గారు, కె.గంగవరంలో బయలుదేరి, కోటిపల్లి రేవు దాటి, నెత్తిన తువ్వాలూ చంకన మామిడిపళ్ళ బుట్టా దాల్చి, స్వేదజలాభిషిక్తుడై గుమ్మంలో సాక్షాత్కరించారు. గోదావరి సీమలో బ్రహ్మహత్యకైనా ప్రాయశ్చిత్తముంది. మిట్టమధ్యాహ్నం వచ్చిన మగపెళ్ళివారికి చల్లటి నీళ్ళివ్వకపోవడానికి లేదు.

"అక్కయ్య గారండీ, ఫ్రిజ్జులో నీళ్ళు ఓ సీసాడు ఇప్పించండి. నోరు పిడచకట్టుకుపోయింది."

పెద్దింట్లమ్మ హృదయరణక్షేత్రంలో, రథగజతురగపదాతులతో కూడిన మర్యాద ఒకవైపు, మనవరాలికిచ్చిన ఒంటరి మాట ఒకవైపు నిలిచి ఢీకొన్నాయి. పాతికేళ్ళుగా వియ్యాలవారి చేత ఒక్క మాట పడని ఆ ఇల్లాలి చేతిలో ఈనె పుటుక్కున విరిగింది.

"కూజాలో నీళ్ళిస్తానండి."

"ఫ్రిజ్జు పాడైందాండీ?"

"లేదండి. తలుపు తియ్యనండి."

సూరయ్య గారు తువ్వాలు దులిపారు. "మా ఇంటికి పిల్లనిచ్చిన పాతికేళ్ళకి కూజాకి దిగేరన్నమాట. బాగుందండి." బుట్ట మళ్ళీ చంకకెత్తబోయారు. ఆ బుట్ట గుమ్మం దాటిందంటే, ఈ మాట గంగవరంలో కూతురి మనవల పెళ్ళిళ్ళ దాకా నడుస్తుంది.

"కూకోండి అన్నయ్య గారూ. మీ కాలవకి గండి పడితే ఏం చేస్తారండి?"

"కాలవ చూసే లస్కరు చీటీ రాసి పంపుతాడు. కూలీలొచ్చి పూడ్చేస్తారు. దానికీ మంచినీళ్ళకీ ఏంటండీ?"

"కేన్సరు కణానిదీ అదే తంతంటండి. రేడియేషనిచ్చి డాక్టర్లు గండి కొడతారు. అదేమో చీటీ పంపి పూడ్పించేసుకుంటది. ఈ ఫ్రిజ్జులో ఉన్న బుల్లివాటిలో కొన్ని, ఆ చీటీని దారిలోనే పట్టుకుని చింపేస్తాయంట. మా సువర్ణ చెప్పింది. తలుపు తీస్తే అయ్యి పాడైపోతాయండి."

సూరయ్య గారు తలుపు వంక తిరిగారు. "చీటీ అందకపోతే ఊరు ములిగిపోద్ది కదండీ?"

"ములగాలనేనండి. అది జబ్బున్న ఊరు."

"ఆయ్," అన్నారు సూరయ్య గారు. బుట్ట దించారు. కూజా నీళ్ళు మూడు గ్లాసులు తాగి, కుర్చీ లాక్కుని ఫ్రిజ్ వెనకవైపుకి వేసుకున్నారు. "ఇటుపక్క నేను చూస్తాలెండి." అటుపక్క తలుపు లేదన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు.

రెండుంబావుకి కరెంటొచ్చి ఫ్రిజ్ శంఖారావం చేసింది. అమలాపురం నుంచి వచ్చిన సువర్ణ, చేతికి తొడుగులు వేసుకుని తలుపు తీసింది. ట్రేలో పన్నెండు గడ్డలకి పన్నెండూ ఉన్నాయి. ఒక్కదాని అంచు మాత్రం కాస్త చెమర్చింది. నాలుగు గొట్టాలూ ఐసు మధ్య పెట్టెలోకి చేరాయి.

ముల్లోకవాసులారా, ఆలకించండి. నాలుగుంబావు గంటలపాటు, అంబాజీపేటలో, ఒక ఫ్రిజ్ తలుపు తెరుచుకోలేదు.

పెట్టెను గుండెకి హత్తుకుని గడప దగ్గర ఆగింది సువర్ణ. వెళ్ళొస్తానని చెప్పకుండా ఆ ఇంట్లోంచి ఇంతవరకు ఎవరూ ప్రయాణమైంది లేదు. ఆమె నోరు తెరవబోయేంతలో పెద్దింట్లమ్మ కొత్త చీపురు అడ్డంగా ఎత్తింది.

"తుంపర్లు," అంది, తన నోటికి కొంగు అడ్డుపెట్టుకుని.

సూరయ్య గారు కూడా తువ్వాలు అడ్డుపెట్టుకున్నారు.

పెట్టెకి మూత ఉంది. మూత చుట్టూ నాలుగు వరసల టేపుంది. సువర్ణ ఆ ఇద్దరినీ చూసి, పెదవులు బిగించి, తల మాత్రం ఊపి, ఒక్క మాటైనా అనకుండా మెట్లు దిగి బస్సుకి వెళ్ళిపోయింది.