గుమ్మంలో చాచిన చెయ్యి

రిలే జట్లను తయారుచేసే కోచ్‌గారు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. తన పదవీ విరమణ సభలో, మొదటి జట్టు గెలిచిన నాటి పాత రిలే కర్రను, తన స్థానంలోకి వస్తున్న శిష్యురాలి చేతిలో పెట్టాలి. దాన్ని ఒక నల్ల సంచిలో వేసి వంటింటి గట్టు మీద పెట్టుకున్నాడు.

రిలేలో వెనకవాడు "చెయ్యి!" అని కేకేస్తే ముందున్నవాడు తిరిగి చూడకూడదు. చెయ్యి వెనక్కి చాచి, కర్ర పడగానే ఉరకాలి. ఈ సూత్రాన్ని ఆయన ఇంటికీ తెచ్చుకున్నాడు. రోజూ గుమ్మంలో చెయ్యి వెనక్కి చాచేవాడు. భార్య అలాగే కేకేసి సంచి అందించేది. "పరుగెత్తి పాలు తాగే మనిషికి నిలబడి నీళ్లు తాగమంటే ఎక్కుతుందా?" అని నవ్వేది. ఆ నవ్వు ఆయన విన్నాడేగాని చూడలేదు. పోయినేడాది ఆమె పోయిన రోజు పొద్దున కూడా చూడలేదు. సాయంత్రం ఆస్పత్రిలో చూసేసరికి ఆ మొహంలో నవ్వు లేదు.

అప్పటినుంచీ ఆ చెయ్యి రోజూ తనంతట తానే వెనక్కి వెళ్లి, ఖాళీగా తిరిగొస్తోంది. సభ కోసం వచ్చిన కూతురు అది చూడలేకపోయింది. కళ్లనిండా నీళ్లతో, చేతికి తగిలిన సంచి తీసి "నాన్నా, చెయ్యి!" అంది. గట్టు మీద అలాంటిదే ఇంకో నల్ల సంచి ఉంది, నిన్నటి చెత్తతో. అందింది అదే. ఆ కేకకు ఆయన కళ్లు నిండాయి. కన్నీళ్లు కూతురి కంటబడకూడదని తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. ఆమె మిగిలిన సంచిని చెత్తబండిలో వేసింది.

గ్రౌండులో పెట్టిన సభలో సంచి చేతులు మారి వేదికెక్కింది. క్రీడా సంఘం అధ్యక్షుడు దాన్ని పైకెత్తి, ఈ మహానుభావుడి జీవితసారమంతా ఇందులోనే ఉందని ప్రకటించి, చెయ్యిపెట్టి గుప్పెడు ఉల్లిపొట్టు తీశాడు. మర్యాద తెలిసిన జనం చప్పట్లు కొట్టారు.

సరిగ్గా అప్పుడే గ్రౌండు ముందునుంచి చెత్తబండి వెళ్లింది. పొరపాటు తెలుసుకున్న కూతురు దాని వెనకాలే పరుగెడుతోంది. కోచ్ వేదిక మీదనుంచి దూకాడు. ఆయన పరుగెడితే ఊరుకోవడం తెలియని జట్టంతా వెంటపడింది. ఇంతమంది తనను తన్నడానికే వస్తున్నారనుకుని డ్రైవరు వేగం పెంచాడు. మలుపులో ఎర్రదీపం పడబట్టి సరిపోయింది.

శిష్యురాలు బండెక్కి, ముక్కు మూసుకుని, వెతికి వెతికి కర్ర తీసింది. అప్పటికి కోచ్ మోకాళ్లు పట్టుకుని అటు తిరిగి రొప్పుతున్నాడు. ఆమె అలవాటుకొద్దీ "చెయ్యి!" అంది. చెయ్యి వెనక్కి వెళ్లింది. కర్ర పడింది. ఆయన ఉరకలేదు, వెనక్కి తిరిగాడు. శిష్యురాలి పక్కన కూతురు ఏడుస్తూ నవ్వుతోంది.

"తిరక్కూడదని మీరే కదా సార్ చెప్పేది?"

"గ్రౌండులో తిరక్కూడదమ్మా. గుమ్మంలో తిరగాలి. మీ అందరికీ నేర్పినవాణ్ని, నాకే తెలియలేదు."

అని, నడిరోడ్డు మీద చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత శిష్యురాలికి ఎదురుగా నిలబడి, మొహం చూస్తూ, కర్రను ఆమె చేతిలో పెట్టాడు.

వేదిక మీద అధ్యక్షుడు గుప్పెడు ఉల్లిపొట్టుతో చాలాసేపు నిలబడ్డాడు. అది అందుకోవడానికి మాత్రం ఎవరూ చెయ్యి చాచలేదు.