కుర్చీ తరగతి

ఆ బుధవారం పొద్దున సిద్దిరాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊళ్లో అడిగి ఇరవై నాలుగు కుర్చీలు తెచ్చుకోవాలి, మర్నాడు ఒక్క పూట వాటిని తన డేరాలో వరుసగా వేయాలి, సాయంత్రానికల్లా ఎవరివి వాళ్లకు అప్పజెప్పాలి. ఇందులో ఊరు తలకిందులయ్యే సంగతేదీ అతనికి కనిపించలేదు.

డేరా అంటే పెళ్లి డేరా కాదు. శ్రీ బాలలక్ష్మి టూరింగ్ టాకీస్. మంచిర్యాలలో ఒక సినిమా హాల్లో తొమ్మిదేళ్లు ఆపరేటరుగా మిషను తిప్పి, ఆ వేడికి సగం కనుబొమలు పోగొట్టుకొని, చివరికి భార్య కడియాలు అమ్మి ఒక పాత మిషనూ అంతకన్నా పాత డేరా గుడ్డా కొనుక్కొని గొల్లరేవు చేరాడు. గొల్లరేవు గోదావరి పక్కన చిన్న తాలూకా ఊరు. కడియాలు పోయినందుకు బదులుగా టాకీసుకు భార్య పేరు పెట్టాడు. "పేరును చేతులకు తొడుక్కుంటనా?" అని బాలలక్ష్మి అడిగింది గానీ, బోర్డు మీద ఆ పేరు చూసుకోవడానికి రోజుకోసారి ఏదో పని కల్పించుకొని డేరా ముందు నుంచి నడిచేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లయింది. ఆరు నెలల లైసెన్సు ముగుస్తోంది. ఏడాదికి పొడిగించమని సిద్దిరాములు అర్జీ పెట్టుకుంటే, గురువారం డిప్యూటీ కలెక్టరు స్వయంగా వచ్చి డేరా తనిఖీ చేస్తారని కాగితం వచ్చింది. నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులుండాలనీ, కుర్చీ తరగతిలో ఇరవై నాలుగు కుర్చీలకు తగ్గకూడదనీ అందులో ఉంది. నేలకు కొరత లేదు, గోదావరి ఇసుక పోయించాడు. బెంచీలున్నాయి. కుర్చీలు మాత్రం పోయిన కార్తీకంలోనే అమ్మేశాడు. డైనమో చెడిపోయింది మరి. కుర్చీలు లేకుండా సినిమా ఆడుతుంది గానీ డైనమో లేకుండా ఆడదు. పైగా గొల్లరేవు జనానికి కుర్చీ మీద నమ్మకం లేదు. కుర్చీ టికెట్టు కొన్నవాడు కూడా కాళ్లు పైకి మడుచుకొని అందులో ముడుచుకునేవాడు, విశ్రాంతి సమయానికి దిగి ఇసుకలోకి పోయేవాడు.

"లేని కుర్చీలు ఉన్నయని అర్జీల ఎట్ల రాసిచ్చినవయ్యా?" అని బాలలక్ష్మి అడిగింది.

"మొదలు రాసిచ్చిన అర్జీనే మల్ల రాసిచ్చిన. అప్పుడు ఉండె."

"లైసెన్సు రాకుంటే?"

సిద్దిరాములు గుడ్డ తీసుకొని డైనమో తుడవడం మొదలుపెట్టాడు. రాకపోతే డేరా చుట్టుకొని మంచిర్యాల పోయి, మళ్లీ వేరేవాళ్ల మిషను ముందు నిలబడాలి. మిగిలిన సగం కనుబొమలు కూడా పోతాయి. ఆ మాట భార్య ముందు అనడానికి అతనికి భయమేసింది.

ఆదుకున్నవాడు చాంద్‌పాషా. తహసీలు కచేరీలో జవాను, సినిమా అంటే ప్రాణం పెట్టే మనిషి. రోజూ రెండో ఆటకు మిషను పక్కన నిలబడి, బొమ్మ కన్నా ఎక్కువగా మిషనునే చూసేవాడు.

"గింతదానికి పరేషాన్ ఎందుకు సిద్దన్నా? ఊళ్లె కుర్చీలకేం తక్కువ. నేను అడిగి పట్టుకొస్త."

"దోస్తీ మీద అడుగు పాషాభాయ్. సర్కారు పేరు తీయొద్దు. మీ తహసీల్దారు సాబుకు తెలిస్తే బాగుండది."

"సాబ్ ఊళ్ల దౌరా మీద పోయిండు, శనివారం దాకా రాడు. నేను సర్కారు పేరు ఎందుకు తీస్త?"

నిజంగానే తీయలేదు. కానీ భుజం మీద నుంచి నడుముకు వేసే పట్టీ, దాని మీది ఇత్తడి బిళ్ళ తీయడం మరిచిపోయాడు. ఇరవై రెండేళ్లుగా అది లేకుండా అతను గడప దాటి ఎరగడు. ఆ ఇరవై రెండేళ్లుగా బిళ్ళ గడప ముందుకొస్తే ఎందుకని అడగకుండా, చేతిలో ఉన్నది ఇచ్చి పంపడం ఊరికి అలవాటు. నిజాము పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, అలవాటు మాత్రం ఎక్కడికీ పోలేదు.

చాంద్‌పాషా మొదట గంగయ్య హోటలుకు వెళ్లాడు. "రేపటికి కుర్చీలు గావాలె గంగయ్యా. పెద్ద సాబ్ వస్తుండు. టాకీసు డేరాల ఏయాలె," అన్నాడు. మూడూ నిజాలే. గంగయ్య బిళ్ళ వైపు ఒకసారి చూసి, చాయ్ తాగుతున్నవాళ్లను లేపి మరీ కుర్చీలు బండికెత్తించాడు. పెద్ద సాబు టాకీసు డేరాలో కచేరీ పెడుతున్నాడని అతను పక్క దుకాణంలో చెప్పాడు. ఆ మాట చాంద్‌పాషా కన్నా వేగంగా నడిచింది. బడికి అతను చేరేసరికే హెడ్మాస్టరు కుర్చీలన్నీ వరండాలో పెట్టించి, లెక్క సరిచూసుకొమ్మన్నాడు. ఠాణాలో అమీన్ సాబ్, అంటే సబిన్‌స్పెక్టరు, తన కుర్చీ తానే పట్టుకొచ్చి ఇచ్చాడు.

ఇక మిగిలింది తహసీలు కచేరీ. అక్కడికి చాంద్‌పాషా వెళ్లనేలేదు, వెళ్లవలసిన అవసరమూ కలగలేదు. వీధిలో ఠాణా కుర్చీలు పోతుంటే గుమాస్తా రాయమల్లు కిటికీలోంచి చూశాడు. ఠాణా పంపి మనం పంపకపోతే సాబుకు మాటొస్తుందని కంగారుపడ్డాడు. కచేరీలో ఉన్నవన్నీ పంపి, వాటిపైన తహసీల్దారు సాబు సొంతంగా కూర్చునే పెద్ద చేతుల కుర్చీని కూడా ఎక్కించాడు.

సాయంత్రానికి డేరా ముందు అరవై ఒక్క కుర్చీలు చేరాయి.

"పాషాభాయ్, నేను ఇరవై నాలుగంటి గదా."

"నేను ఇరవై నాలుగే అడిగిన అన్నా. ఇచ్చెటోళ్లే ఆగుతలేరు."

మిగిలినవి వాపసు ఇద్దామని బయల్దేరితే ఎవరూ పుచ్చుకోలేదు. సర్కారుకు ఇచ్చింది మళ్లీ ఇంట్లో పెట్టుకుంటే ఏమంటారోనని గంగయ్య తలుపేసుకున్నాడు. తిరిగొచ్చేసరికి పక్క ఊరి నుంచి ఐలవ్వ అనే ముసలమ్మ రెండు కోళ్లతో డేరా ముందు కూర్చొని ఉంది.

"బిడ్డా, గీ కోళ్లను యాడ కట్టెయ్యాలె?"

"కోళ్లు ఎవరడిగిండ్రవ్వా?"

"అడుగుడేంది? పెద్ద సాబ్ వస్తుండంటే కోళ్లు తేవాలె గదా. మా అత్త తెచ్చింది, నేను తెచ్చిన."

సిద్దిరాములు తల పట్టుకున్నాడు. ఆ పట్టుకున్న చేతుల మధ్య నుంచే ఇంకో విషయం కనిపించింది. సర్కారు కుర్చీల వీపుల మీద తెల్లటి అంకెలున్నాయి. వాటిని చూస్తే డిప్యూటీ కలెక్టరు ఇట్టే పట్టేస్తాడు. టాకీసుకు పోస్టర్లు రాసే కొండల్‌ను పిలిచాడు.

"ఆ అంకెలు కనవడకుండ పైనుంచి సుద్దతోని టాకీసు పేరు రాయి. రేపు తుడిచేస్తే పోవాలె."

"సరే," అన్నాడు కొండల్. సరే అన్నాడు గానీ, సుద్దతో రాస్తే నాలుగూళ్లలో తన పేరేం కావాలి? అతను కళాకారుడు. తెల్లారేసరికి అరవై ఒక్క కుర్చీల మీదా శ్రీ బాలలక్ష్మి టూరింగ్ టాకీస్ అని ఎర్రటి ఆయిల్ పెయింటుతో రాసి, కింద వరుస నంబరు వేసి, ఒక్కోదానికి ఒక్కో తామరపువ్వు దించాడు. అన్నిటిలోకి గొప్పగా కనిపించిన పెద్ద చేతుల కుర్చీకి ఒకటో నంబరిచ్చి, అదనంగా రెండు హంసలు కూడా వేశాడు.

రంగు రేపు పోతుందో లేదో చూద్దామని సిద్దిరాములు గుడ్డ కిరసనాయిల్లో ముంచి రుద్దాడు. సర్కారు అంకెలు శుభ్రంగా పోయాయి. తామరపువ్వు నిగనిగలాడింది.

"పేరు మంచిగ కుదిరింది," అంది బాలలక్ష్మి, తనకు తెలియకుండానే. తర్వాత భర్త ముఖం చూసి నోరు మూసుకుంది.

పదకొండు గంటలకు జీపు వచ్చింది. అందులోంచి డిప్యూటీ కలెక్టరు దిగాడు. బెజవాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాడు, పల్చటి మనిషి, చేతిలో కాగితాల అట్ట. ఆయన వెనకాలే తహసీల్దారు ఫజలుద్దీన్ సాబు దిగాడు. దౌరాలో ఉన్నవాణ్ని దారిలో కనిపిస్తే జీపెక్కించుకొని తిన్నగా డేరాకే తెచ్చారట. చాంద్‌పాషా బిళ్ళను చేత్తో మూసుకొని డేరా గుడ్డ వెనక్కి జరిగాడు. అమీన్ సాబూ, హెడ్మాస్టరూ, గుమాస్తా రాయమల్లూ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. ఆఫీసుల్లో కూర్చోవడానికేమీ లేదు కాబట్టి వాళ్లు పొద్దున్నే వచ్చేశారు.

తహసీల్దారు చూపు ఒకటో నంబరు మీద పడింది. హంసల్ని చూశాడు, అరిగిన చేతుల్ని చూశాడు. మెల్లగా వంగి, ఏదో పడిపోయినట్టు కుర్చీ కింద చెయ్యి పెట్టాడు. వెనక కాలికి పోయిన వానాకాలం ఆయనే స్వయంగా చుట్టిన రాగితీగ వేళ్లకు తగిలింది. ఆయన లేచి నిలబడ్డప్పుడు ముఖంలో రంగు లేదు. అది చూసిన సిద్దిరాములు ముఖంలో అంతకు ముందే లేదు.

"మీ హుకుమే అనుకొని పంపిన సాబ్," అని రాయమల్లు ఆయన చెవిలో గొణిగాడు.

డిప్యూటీ కలెక్టరు వరుసల మధ్య తిరిగాడు. ఒక కుర్చీ మీద ఐలవ్వ కోడి కూర్చొని ఉంది, దాని పక్కనుంచి జరిగి పోయాడు.

"ఎన్ని ఉన్నాయయ్యా?"

"అరవై ఒకటి సార్."

"ఇన్నా? బాగుంది. సొంతవేనా? ఎందుకడుగుతున్నానంటే, మొన్న ఒక చోట టాకీసువాడు కచేరీ కుర్చీలు తెచ్చి నాకు చూపించాడు. వాడి లైసెన్సు పోయింది. కుర్చీలిచ్చిన ఉద్యోగి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాడు."

డేరాలో కోడి తప్ప ఎవరూ కదల్లేదు. సిద్దిరాములు బోర్డు వైపు చూశాడు, గుడ్డ పక్కన నిలబడ్డ భార్య బోసి చేతుల వైపు చూశాడు. అయినా తనవల్ల ఇంతమంది ఉద్యోగాలు పోవడం అతనికి ఇష్టం లేదు. నిజం చెప్పి డేరా చుట్టుకుందామని నోరు తెరిచాడు.

"సార్, జర ఇనుండ్రి. గీ కుర్చీలు నావి..."

"ఆయనయే సార్," అన్నాడు ఫజలుద్దీన్ సాబు గట్టిగా.

"కాదు సాబ్, నేను చెప్పేది..."

"సిద్దిరాములూ, పెద్దలు మాట్లాడుతుంటే నడుమ మాట్లాడొద్దు. టాకీసు కుర్చీలే సార్. పేరు రాసి ఉన్నది చూడుండ్రి. నేను చాన రోజుల నుంచి చూస్తున్న, నాకు బాగా తెలుసు."

"టాకీసుయే సార్," అన్నాడు అమీన్ సాబ్.

"పువ్వులు కూడా ఉన్నయి," అన్నాడు హెడ్మాస్టరు.

డిప్యూటీ కలెక్టరుకు చాలా సంతోషమైంది. ఒకటో నంబరు కుర్చీలోనే కూర్చొని, అక్కడికక్కడే ఏడాది లైసెన్సు రాసి సంతకం చేశాడు. ఇంతమంచి ఏర్పాటు చెదిరిపోకూడదని కింద ఒక షరతు చేర్చాడు. అరవై ఒక్క కుర్చీల్లో ఒక్కటి కూడా డేరా దాటి పోకూడదు. ప్రతి నెలా మొదటి తారీఖున తహసీల్దారు స్వయంగా వచ్చి నంబర్లవారీగా లెక్కపెట్టి నివేదిక పంపాలి. ఒక్కటి తగ్గినా తహసీల్దారే జవాబుదారీ. సాక్షులుగా అమీన్ సాబూ, హెడ్మాస్టరూ సంతకాలు పెట్టారు. కోళ్లను ముట్టలేదు, ఆయన శాకాహారి.

జీపు పోయాక సిద్దిరాములు తహసీల్దారు ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"తప్పయింది సాబ్. మీ కుర్చీ చీకటి వడ్డంక పంపిస్త."

"ఏ కుర్చీ?" అన్నాడు ఫజలుద్దీన్ సాబు. "నా కుర్చీ ఏడికీ పోలే. ఒక్కటి కదిలిందంటే నీ లైసెన్సు పోతది, నా నౌకరి పోతది. అన్నిటికి తాళం ఏసుకో." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆ హంసలు ఎవరేసిండ్రు?"

"కొండల్ సాబ్."

"మంచిగేసిండు," అని కచేరీకి నడిచాడు.

మర్నాటి నుంచి బడిలో పంతుళ్లు నిలబడి పాఠం చెప్పారు. అమీన్ సాబ్ ఠాణా అరుగు మీద చాప వేయించుకున్నాడు. గంగయ్య హోటల్లో నిలబడే చాయ్ తాగాలి కాబట్టి జనం తొందరగా తాగి వెళ్లసాగారు, అతనికి మాత్రం బేరం పెరిగింది. సిద్దిరాములు మనసు ఊరుకోక తన బెంచీల్లో రెండు తహసీలు కచేరీకి పంపించాడు. కొత్త కుర్చీల కోసం తహసీల్దారు పైకి రాయలేకపోయాడు, రాస్తే పాతవేమయ్యాయని అడుగుతారు. గొల్లరేవులో ఎవరైనా వీపు ఆన్చి కూర్చోవాలంటే ఇక కుర్చీ టికెట్టు కొనడమొక్కటే దారి. ఊళ్లో పెద్దమనుషులంతా కొన్నారు. దీపావళికి బాలలక్ష్మి చేతులకు కడియాలొచ్చాయి, పాతవాటికన్నా కాస్త లావుగా.

వీపు లేని బెంచీ మీద ఫజలుద్దీన్ సాబుకు నడుము పట్టేసింది. వారానికి రెండుసార్లు మొదటి ఆటకు వచ్చి, ఒకటో నంబరు కుర్చీలో అరిగిన చేతుల మీద చేతులు పెట్టుకొని, తెర వైపు చూడకుండా కళ్లు మూసుకునేవాడు. మీకు టికెట్టెందుకు సాబ్ అని సిద్దిరాములు ఎంత బతిమాలినా వినలేదు. సర్కారు నౌకరు పరాయివాళ్ల కుర్చీలో ఊరికే కూర్చోకూడదు కదా.