పిడుగున్న ఇల్లే భద్రం

అరవై దాటిన దంపతులున్న ప్రతి ఇంట్లోనూ ఒక అల్లరి కుక్క ఉండి తీరాలి. బుద్ధిగా ఉండేది పనికిరాదు! చెప్పులు కొరకాలి, వైర్లు లాగాలి, గేటు తెరిచి ఉంటే వీధిలోకి ఉరకాలి. అలాంటిది దొరక్కపోతే బుద్ధిగా ఉండేదాన్నే తెచ్చి, గారం చేసి చెడగొట్టుకోండి.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మా కుక్కను పిడుగు అంటాం. పొట్టి కాళ్లు, పొడుగు నడుము. మా అబ్బాయి తెచ్చాడు. అది రాకముందు మా ఇంట్లో భద్రత అంటే ఒకటే మాట: "చూసుకుని నడువమ్మా!" మా ఆవిడ బాత్రూం గుమ్మంలో జారిపడ్డప్పుడు మావాడు అదే అన్నాడు. నడుం పట్టేసి మంచం మీద ఉన్నప్పుడూ అదే అన్నాడు. మంచం మీదున్న మనిషి ఏం చూసుకుని నడుస్తుంది?

తర్వాత అదే గుమ్మంలో పిడుగు జారింది. పడలేదు, కాస్త తూలిందంతే. సాయంత్రానికల్లా ఇల్లంతా రబ్బరు మ్యాట్లు!

ఫ్యాను వైరు తొడుగు ఊడిపోయిందని నేను ఎన్నాళ్లు మొత్తుకున్నాను? "ముట్టుకోకు నాన్నా" అని ఊరుకున్నాడు. పిడుగు వెళ్లి దాన్ని వాసన చూసింది. ఎలక్ట్రీషియన్ పరుగున వచ్చాడు. నా బీపీ మాత్ర ఒకటి మంచం కింద దొరికిన రోజైతే ఇంట్లో భూకంపమే. అప్పట్నుంచీ నేను మాత్ర మింగేదాకా కోడలు ఎదురుగా నిలబడి చూస్తుంది. నేను మరిచిపోతానని కాదు, పిడుగు మింగుతుందని. అయితేనేం? నా బీపీ అదుపులో ఉంది!

ఈ కిటుకు ముందుగా కనిపెట్టింది మా ఆవిడ. "ఒరేయ్, మెట్ల మీద చీకట్లో పిడుగుకి కనపడటం లేదురా" అంది ఓ రోజు. మర్నాడే లైటు వెలిగింది. కుక్కలకు చీకట్లో మనకంటే బాగా కనిపిస్తుందని నేను చెవిలో చెబితే, "మీరు నోరు మూసుకోండి" అంది.

కానీ లైటుతో తీరే బాధ కాదు ఆమెది. మా గది మేడ మీద. ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ఊపిరి తీసుకుని, పై మెట్టును శత్రువును చూసినట్టు చూస్తుంది. ఎప్పుడు దొర్లిపడుతుందోనని వెనకే నేను. కింద ఒక గది ఉంది. అది మావాడి ఆఫీసు.

"ఆ గది మాకిస్తావురా?" అని అడిగింది.

"మీటింగులుంటాయమ్మా. అయినా మెట్లెక్కితే మోకాళ్లకు మంచి ఎక్సర్‌సైజ్!"

తర్వాత ఓ రోజు మావాడు పిడుగుకి ఇంజెక్షన్ వేయించడానికి వెళ్లాడు. మా ఆవిడా వెంట వెళ్లింది. డాక్టరు దాని నడుం తడిమి, "ఇది ఎక్కడ పడుకుంటుంది?" అన్నాడు.

మావాడు నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "మేడ మీద, మా దగ్గరే డాక్టరుగారూ. రోజంతా ఆ మెట్లు ఎక్కలేక దిగలేక చస్తోంది!"

"ఈ జాతి నడుముకి మెట్లు మంచివి కావు. మాన్పించండి."

మావాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇంటికొస్తూనే కంప్యూటరు, టేబులు, కుర్చీ మేడెక్కాయి. పిడుగు పరుపు కింది గదిలోకి దిగింది.

"ఒంటరిగా ఉండలేదు కదా, దీనికి తోడెవరు?" అంది కోడలు దిగులుగా.

నేను సీలింగు వైపు చూశాను. మా ఆవిడ నిట్టూర్చింది. "ఏం చేస్తాం? దాని కోసం మేమే సర్దుకుంటాంలే."

"మీది ఎంత మంచి మనసత్తయ్యా!" అంటూ కోడలు కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు మా ఆవిడ మెట్లెక్కడం లేదు. నాకూ గుండె దడ తగ్గింది. మొన్న మావాడి ఆఫీసు స్నేహితుడొకడు వస్తే, ఇల్లంతా తిప్పి చూపిస్తూ మా గుమ్మం దగ్గర ఆగాడు. "ఇది పిడుగు గది" అన్నాడు గర్వంగా.

స్నేహితుడు తొంగి చూశాడు. కిటికీ పక్కన పరుపు మీద పిడుగు. తలుపు వెనక మంచం మీద మేమిద్దరం.

"అదృష్టమంటే దీనిదండీ! ఈ ఇంట్లో కుక్కగా పుట్టినా చాలు" అన్నాడు.

మా ఆవిడ కాళ్లు బారజాపుకుని నవ్వింది.

"మేం అలా పుట్టకపోయినా, దాని పుణ్యాన బాగానే ఉన్నాం బాబూ."