నిలవ నీళ్ళు

ఆ ఉదయం మల్లేశు అనుకున్నది చాలా సులువైన పని: ఆసుపత్రికి వెళ్ళి, నీళ్ళు తాగి, గంటసేపు ఆపుకొని, రేడియేషన్ బల్ల మీద పడుకోవడం. ప్రోస్టేట్ క్యాన్సరు. మూత్రాశయం నిండుగా ఉంటే పేగులు పక్కకు తొలగుతాయని, లేకపోతే మంచి పేగు కూడా కాలుతుందని డాక్టరు చెప్పాడు. పేగు కాలితే ఇక జన్మంతా చప్పిడి కూడేనని మల్లేశు బెంగ. ఎక్కడా నీళ్ళు నిలవకుండా కలకత్తా కాలువలు బాగుచేసి రిటైరైన కార్పొరేషన్ మనిషికి, నీళ్ళు నిలవబెట్టడం కొత్త ఉద్యోగం.

"అక్కడ తాగి కూకుంటే ఆలీసం. ఇక్కడే తాగీ అన్నయ్యా," అంది చెల్లెలు అప్పలలక్ష్మి. ఆమె అందించిన చెంబును కాదనడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

టాక్సీ భవానీపూర్ దాటకముందే వాన దంచింది. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. బండి కదల్లేదు. మల్లేశు ముందుకు వంగి మూలిగాడు.

"కీ హోలో దాదా?" ఏమైందన్నా అంటూ డ్రైవరు కంగారుగా వెనక్కి తిరిగాడు.

అన్నయ్య పొత్తికడుపు సంగతి పరాయి మగాడితో ఎలా చెప్పడం? అప్పలలక్ష్మి కాస్త మర్యాదైన అవయవాన్ని ఎంచుకుంది. గుండె నొప్పి అని బెంగాలీలో చెప్పింది.

"గుండేటే లచ్చిమీ?"

"నువ్వు మాటాడకు. బిగబట్టుకొని కూకో."

డ్రైవరు కానిస్టేబుల్‌ని కేకేశాడు. కానిస్టేబుల్ బస్సుల్ని పక్కకు జరిపించాడు. ఎవరో గొడుగు పట్టారు, ఎవరో విసనకర్ర ఊపారు. ఈ ఊళ్ళో జబ్బుమనిషికి దారి దొరక్కపోవడమంటూ ఉండదు. ఎక్కడికి అన్నది మాత్రం వాళ్ళే చూసుకుంటారు. కాసేపటికి మల్లేశు అదే ఆసుపత్రిలో ఎమర్జెన్సీ మంచం మీద ఉన్నాడు.

"గుండె కాదు బాబూ, నాది రేడియేషను..."

"మాట్లాడకండి దాదా," అన్నాడు కుర్ర డాక్టరు. పొత్తికడుపు ఉబ్బి ఉండటం చూసి గట్టిగా నొక్కాడు. ఆ తర్వాత ఆపుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆసుపత్రివాళ్ళిచ్చిన పొడి పైజమాలో మల్లేశు రేడియేషన్ గదికి చేరాడు. "ఇయాల నా పేగు మాడిపోద్ది," అన్నాడు తెలుగు టెక్నీషియన్ ప్రసన్నకుమార్‌తో.

"దిగులెందుకు బాబాయ్? వానకి కరెంటు పోయి మిషన్ ఆగింది. ఇంతసేపూ ఆపుకొన్నవాళ్ళందర్నీ ఇప్పుడే వెళ్ళి రమ్మన్నాం. మీరు ముందే కానిచ్చేశారు. మళ్ళీ తాగండి."

ఈసారి ఆసుపత్రి కొలత ప్రకారం తాగాడు. కరెంటు వచ్చింది, వంతు వచ్చింది, పనీ అయింది.

"స్కాను బొమ్మలో పేగు బాగా దూరంగా ఉంది బాబాయ్," అన్నాడు ప్రసన్నకుమార్.

అప్పలలక్ష్మి చేతులు జోడించింది. మల్లేశు జోడించే స్థితిలో లేడు. మరుగుదొడ్డి వైపు పరిగెత్తాడు.

తలుపుకి అడ్డంగా ఆయా చీపురు పట్టుకొని నిలబడింది. ఇందాక అందరూ ఒక్కసారే వెళ్ళేసరికి లోపల కాలువ పూడుకుపోయిందట.

"కార్పొరేషన్ మనిషి వచ్చేదాకా ఎవరూ వెళ్ళకూడదు," అంది.

కార్పొరేషన్ మనిషి అప్పటికే ఆమె ఎదురుగా కాళ్ళు మెలేసుకొని నిలబడి ఉన్నాడు.